అండమాన్ ఫిషింగ్ ట్రిప్‌లో పోయిన గేర్‌కి డబ్బులు ఎవరు కట్టాలి: ఒక గొడవ, దాని లెక్క

కేసు ముందే క్లుప్తంగా చెప్పేస్తా, తర్వాత లోపలికి వెళ్దాం. హైదరాబాద్ నుంచి నలుగురు ఫ్రెండ్స్ పోర్ట్ బ్లెయిర్ వచ్చారు, మూడు రోజుల ఫిషింగ్ ట్రిప్, పాపింగ్, జిగ్గింగ్ అనే రెండు పద్ధతుల్లో (ఊరి పేరు 2024లో శ్రీ విజయపురం అని మార్చారు, జెట్టీలో మాత్రం ఇంకా పాత పేరే నడుస్తోంది). ఇద్దరికి సొంత గేర్ ఉంది, మిగతా ఇద్దరు ఆపరేటర్ దగ్గరే రెంట్‌కి తీసుకున్నారు. ట్రిప్ బాగానే జరిగింది, మంచి చేపలు తగిలాయి, ఫొటోలు దిగి వదిలేశారు. మూడో రోజు సాయంత్రం జెట్టీకి రాగానే ఆపరేటర్ పోయిన గేర్‌కని 1,19,200 రూపాయల బిల్లు చేతిలో పెట్టాడు. వాళ్ళకి ఒళ్ళు మండి, ఇంకా ఇవ్వాల్సిన ట్రిప్ బ్యాలెన్స్ 60,000 కూడా ఇవ్వం పొమ్మన్నారు. పైగా మా సొంత పాపర్ ఒకటి మీ బోటు వల్లే పోయింది, దానికి 5,500 మీరే కట్టాలి అని ఎదురు లెక్క పెట్టారు.

నేనూ అవే నీళ్ళలో గైడ్‌గా పనిచేస్తా. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, మాదీ అలాంటిదే, ఆపరేటర్ నాకు చిన్నప్పట్నుంచి తెలుసు, ఆ నలుగురిలో ఒకతను ఇంతకుముందు నాతో కూడా బోటెక్కాడు. అందుకే రెండు వైపులా నన్నే కూర్చుని తేల్చమన్నారు. పేర్లు బయటపెట్టనని మాటిచ్చాను, లెక్కలు మాత్రం రాసుకో అన్నారు. ఇలాంటి గొడవ ప్రతి సీజన్‌లో ఎవరో ఒకరి బోటు మీద అవుతూనే ఉంటుంది కాబట్టి మొత్తం రాస్తున్నా.

బిల్లులో ఉన్నవి ఇవి. పాపర్లు, స్టిక్‌బెయిట్లు (రెండూ నీటి పైభాగంలో ఆడించే ఎరలు) కలిపి తొమ్మిది, ఒక్కోటి 4,000 చొప్పున 36,000. జిగ్‌లు (లోతుకి దించే బరువైన లోహపు ఎరలు) ఆరు, 1,200 చొప్పున 7,200. విరిగిన పాపింగ్ రాడ్ ఒకటి 28,000. ట్రోలింగ్ (బోటు నడుస్తుండగా వెనక ఎరలు లాగడం) చేస్తున్నప్పుడు సముద్రంలోకి పోయిన రాడ్, రీల్ సెట్ 48,000. అన్నీ కొత్త రేటే వేశాడు. బుకింగ్ అప్పుడు వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌లో దీని గురించి ఉన్నది ఒక్కటే లైను: "గేర్ పోతే కస్టమర్ బాధ్యత." అంతే, ఏ గేర్, ఎలా పోతే, ఎంత, ఏమీ లేదు.

ఈ ఫిషింగ్ తెలియనివాళ్ళకి కొంచెం చెప్పాలి, లేకపోతే లెక్క అర్థం కాదు. ఇక్కడికి జనం వచ్చేది ఎక్కువగా జెయింట్ ట్రెవల్లీ కోసం, జీటీ అంటాం, మనవాళ్ళు పార అనే చేపల్లో అదే పెద్దది. 2006లో జపాన్‌లో పట్టిన వరల్డ్ రికార్డ్ జీటీ 72.8 కిలోలు. అంత అక్కర్లేదు, పాతిక కిలోల చేప తగిలినా కొత్తవాళ్ళకి చేతులు వణుకుతాయి. అది తిరిగేది రీఫ్ (నీళ్ళలోని పగడపు రాళ్ళ గట్టు) అంచున, అల విరిగే చోట, రాళ్ళని ఆనుకుని. కాబట్టి పాపర్ కూడా అక్కడే పడాలి. పాపర్ అంటే వంద నుంచి రెండొందల గ్రాముల దాకా ఉండే చెక్క లేదా ప్లాస్టిక్ ఎర, లాగినప్పుడల్లా నీటి మీద బుడుంగుమని చప్పుడు చేస్తుంది. చేప కొట్టిన వెంటనే రాళ్ళ కిందకి దూరాలని చూస్తుంది, దాన్ని ఆపడానికే డ్రాగ్ (రీల్‌లో లైనుని పట్టి ఆపే బ్రేకు) పది కిలోల పైన బిగించి, పీఈ 8 బ్రెయిడ్‌కి (అల్లిన గట్టి లైను) 150 పౌండ్లో ఇంకా ఎక్కువో తట్టుకునే లీడర్ (ఎరకి ముందు కట్టే మందపాటి నైలాన్ లైను) కట్టి ఆడతాం, అయినా కొన్నిసార్లు లైను రాయికి రాసుకుని తెగిపోతుంది, అప్పుడు పాపర్ కూడా పోతుంది. జిగ్గింగ్ అయితే పావుకిలో ఇనుమో సీసమో నిలువుగా కిందకి దించి అడుగు నుంచి పైకి ఆడించాలి, అది రాళ్ళకి పట్టేయడం మామూలే, చేప తగిలాక పైకి వచ్చేలోపు సొర వచ్చి చేపని జిగ్‌తో సహా లాక్కుపోవడం కూడా మామూలే.

ఇక్కడే నా అభిప్రాయం సూటిగా చెప్తా, ఈ కేసు తేల్చడానికి నేను పట్టుకున్న దారం కూడా ఇదే. రాళ్ళకి దగ్గరగా వెయ్యండి, ఇంకా దగ్గరగా, ఇంకో రెండు మీటర్లు అని వెనక నిలబడి అరిచేది గైడే. ఆ రిస్క్ తీసుకోమని చెప్పింది మేము, దానికే డబ్బులు తీసుకుంటున్నాం. అలాంటప్పుడు మేము చెప్పిన చోట వేసి పోగొట్టుకున్న ఎరకి మళ్ళీ కస్టమర్ దగ్గర వసూలు చెయ్యడం న్యాయం కాదు. న్యాయం సంగతి పక్కన పెట్టినా వ్యాపారానికి కూడా మంచిది కాదు, ఎందుకంటే పాపర్‌కి నాలుగు వేలు అని తెలిసిన మనిషి రాళ్ళ దగ్గర వెయ్యడు, భయంభయంగా లోతు నీళ్ళలో వేసుకుంటూ ఉంటాడు, అక్కడ జీటీ ఉండదు, మూడు రోజులు ఖాళీ చేతులతో పోయి ఆ బోటులో చేపలు పడవు అని అందరికీ చెప్తాడు. అలాగని ఏది పోయినా ఫ్రీ అంటే కూడా కుదరదు, వద్దన్నా వినకుండా బండ మీదకి విసిరేవాళ్ళని నేను చూశాను. మన ఊళ్ళో టెంట్ హౌస్ వాడు పెళ్ళయ్యాక కనపడని గిన్నెలకి లెక్క కడతాడు గానీ వానకి తడిసిన షామియానాకి కట్టడు కదా, తేడా అక్కడుంది.

సరే, ఏది ఎలా పోయిందో తెలియాలంటే మాటలు నమ్మి లాభం లేదు, మూడు రోజుల ఎండలో ఎవరికీ ఏదీ సరిగ్గా గుర్తుండదు. నేను మొదట అడిగింది రీళ్ళు. వాళ్ళ అదృష్టం, చివరి రోజు తర్వాత ఎవరూ లైన్లు మార్చలేదు, పాత లీడర్ ముక్కలు కూడా బోటులో డబ్బాలో అలాగే పడున్నాయి, మా కలాసీలు (బోటు మీద పనిచేసే కుర్రాళ్ళు) నైలాన్ ముక్కలు నీళ్ళలో పారెయ్యరు, అది మంచి అలవాటు. తెగిన చివర చూస్తే చాలావరకు కథ తెలిసిపోతుంది. రాయికి తెగితే లీడర్ పొడవునా గరుగ్గా, గీతలు పడి, తెల్లగా పాలిపోయి ఉంటుంది. పంటికి తెగితే కత్తితో కోసినట్టు నున్నగా ఉంటుంది. ముడి జారిపోతే చివర పంది తోకలా మెలి తిరిగి ఉంటుంది, అది కట్టినవాడి లోపం. బ్రెయిడ్ మధ్యలో తెగి చివర దూదిలా పీచు పీచుగా ఉంటే లైను పాతబడిందో, ఎక్కడో గాటు పడిందో, లేకపోతే విసిరేటప్పుడు చిక్కు పడిందో అనుకోవాలి.

తొమ్మిది పాపర్లలో మూడు రీఫ్‌కి పోయాయి, అందులో అనుమానమే లేదు, లీడర్లు గీతలతో ఉన్నాయి. ఒకటి సొర తీసుకెళ్ళింది, వీడియో కూడా ఉంది. ఈ నాలుగూ ట్రిప్ ఖర్చే, కస్టమర్‌కి సంబంధం లేదన్నాను. ఆపరేటర్ కొంచెం గునిశాడు గానీ ఒప్పుకున్నాడు.

ఇంకో మూడు విసిరేటప్పుడు తెగి ఎగిరిపోయాయి. ఇక్కడ వాదన బాగా జరిగింది. "వాళ్ళకి కాస్టింగ్ రాదు బావా, లైను లూజుగా చుట్టి చిక్కులు పడేశారు, అందుకే తెగింది" అని ఆపరేటర్. అవ్వొచ్చు, కొత్తవాళ్ళకి అలా అవుతుంది. కానీ స్పూల్ నుంచి బ్రెయిడ్ లాగి చూశాను, ముందున్న ముప్పై నలభై మీటర్లు రంగు పోయి, నూగు లేచి ఉంది, లోపలి లైను మాత్రం కొత్తదానిలా నిగనిగలాడుతోంది. అంటే పోయిన సీజన్ లైనే, తిప్పి చుట్టలేదు, ముందు భాగం కత్తిరించలేదు. ఒకే రీల్ మీద మూడు సార్లు అలా తెగిందంటే మనిషిని అనే ముందు లైన్ని అనాలి. ఇంకో సంగతి ఉంది, పాపర్ మునగదు, తేలుతుంది. విసిరేటప్పుడు తెగిన పాపర్ నీటి మీద కనపడుతూనే ఉంటుంది, బోటు తిప్పి తెచ్చుకోవచ్చు. రెండు సార్లు కలాసీ చూపించాడట, అదిగో అక్కడుంది అని, అప్పుడు అవతలి వైపు పక్షులు వాలుతున్నాయని సరంగు (బోటు నడిపేవాడు) బోటు అటే పోనిచ్చాడు. ఆ నిర్ణయం తప్పనను, పక్షుల కింద చేప ఉన్నప్పుడు నేనైనా అటే వెళ్తా. కానీ ఆ నిర్ణయం బోటుది కాబట్టి ఖర్చు కూడా బోటుదే. మూడూ ఆపరేటర్ ఖాతాలోకి.

మిగిలిన రెండూ వేరే కథ. రెండో రోజు మధ్యాహ్నం అల పెద్దదై బోటు రాళ్ళ వైపు కొట్టుకుపోతోంది, సరంగు ఆపండి, వెయ్యొద్దు, బోటు వెనక్కి తీస్తున్నా అన్నాడు. ఒకతను వినకుండా వేశాడు, పాపర్ పొడి బండ మీద పడి ఇరుక్కుంది, లైను కొయ్యాల్సి వచ్చింది. పక్కనున్న అతను దాన్ని చూసి కూడా మళ్ళీ వేశాడు. అడిగితే ఇద్దరూ దాచలేదు, అవునన్నా మేమే వేసినం అన్నారు. ఆ రెండూ వాళ్ళవే. అయితే రేటు 4,000 కాదు. పళ్ళ గాట్లు పడి, రంగు పోయి, కొక్కేలు ఒకసారి మార్చిన పాపర్లకి కొత్త రేటు ఎలా వేస్తాం, ఒక్కోటి 2,500 అన్నాను, రెండూ 5,000.

జిగ్‌ల మీద టైం వేస్ట్ చెయ్యలేదు. ఆరూ అడుగుకి పట్టేసి పోయినవో సొర తిన్నవో, జిగ్గింగ్ ట్రిప్ అమ్ముతూ జిగ్‌లు పోవు అనుకోవడం కుదరదు. సున్నా.

రాడ్ దగ్గర మాత్రం కస్టమర్ల మాట నిలబడలేదు. పెద్ద చేప బోటు కిందకి వచ్చినప్పుడు రాడ్‌ని నిటారుగా పైకి ఎత్తితే బరువంతా సన్నగా ఉండే కొన భాగం మీద పడుతుంది, ఎంత ఖరీదు రాడ్ అయినా ఫట్‌మని విరుగుతుంది. మొదటి రోజు పొద్దున్నే కలాసీ ఇది చూపించాడు, రాడ్ ఎంత కోణంలో పట్టుకోవాలో, బోటు పక్కకి చేప వస్తే ఏం చెయ్యాలో, ఆ వీడియో వాళ్ళ ఫోన్‌లోనే ఉంది. విరిగిన వీడియో కూడా వాళ్ళ ఫోన్‌లోనే ఉంది, అందులో రాడ్ ఆకాశం వైపు చూస్తోంది, వెనక నుంచి కుర్రాడు "సార్ దించండి, కిందకి దించండి" అని గొంతు చించుకుంటున్నాడు. ఇది ముందే రిపేర్ చేసిన రాడ్ కదా, గైడ్ రింగు (రాడ్ మీద లైను దూరే రింగు) ఒకటి మళ్ళీ చుట్టినట్టుంది అని వాళ్ళు పాయింట్ తీశారు, మంచి పాయింటే, అందుకే ముక్కలు రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. రిపేర్ ఉన్నది హ్యాండిల్ వైపు, విరిగింది కొన నుంచి ఒకటిన్నర అడుగు కింద. రిపేర్‌కీ దానికీ సంబంధం లేదు. కాబట్టి కస్టమర్ కట్టాలి, కాకపోతే రెండు సీజన్లు వాడిన రాడ్ కాబట్టి 28,000 కాదు, 15,000.

అసలు గొడవ మొత్తం 48,000 సెట్ మీదే. ఒక రీఫ్ నుంచి ఇంకో రీఫ్‌కి వెళ్తూ వెనక రెండు లైన్లు ట్రోలింగ్‌కి వేశారు. రాడ్ హోల్డర్‌లో ఉంది, కస్టమర్ పక్కన కూర్చున్నాడు, ఏదో పెద్దది కొట్టింది, రాడ్, రీల్, హోల్డర్ అన్నీ కలిసి ఒక్క దెబ్బకి సముద్రంలోకి. ఆపరేటర్ వాదన, నీ రాడ్ దగ్గర నువ్వే కూర్చున్నావు, పట్టుకోవాలి కదా. నేను బోటు ఎక్కి హోల్డర్ ఊడిన చోటు చూశాను. స్క్రూలు పట్టే చెక్క తడికి మెత్తబడి పొడిపొడిగా ఉంది, వేలితో తీస్తే వచ్చేస్తోంది. రాడ్‌కి సేఫ్టీ తాడు కట్టలేదు. డ్రాగ్ బిగించింది ఎవరు అని అడిగితే బోటువాళ్ళే. ఇంక ఆ కస్టమర్ చేతిలో ఏముంది చెప్పండి?

ఇక్కడ చట్టం కూడా కొంచెం పనికొచ్చింది. మనదగ్గర వస్తువు రెంట్‌కి ఇస్తే అది 1872 నాటి భారత కాంట్రాక్ట్ చట్టంలో బెయిల్‌మెంట్ (ఒకరి వస్తువు ఒప్పందం మీద ఇంకొకరి దగ్గర ఉండటం) కిందకి వస్తుంది. సెక్షన్ 151 ప్రకారం తీసుకున్నవాడు తన సొంత వస్తువుని మామూలు తెలివున్న మనిషి ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త చూపించాలి, అంతే. అంత జాగ్రత్త తీసుకున్నాక కూడా పోతే, వేరే ఒప్పందం ఏదీ లేనప్పుడు, అతని బాధ్యత కాదని సెక్షన్ 152 చెప్తుంది. సెక్షన్ 150 ఇంకా గట్టిది, వస్తువులో ఉన్న లోపాలు ఇచ్చేవాడు చెప్పాలి, అద్దెకి ఇచ్చినప్పుడైతే ఆ లోపం తనకి తెలియదన్నా సరే దానివల్ల జరిగిన నష్టానికి తనే బాధ్యుడు. కుళ్ళిన చెక్క మీద హోల్డర్ అంటే అచ్చం ఇదే. మరి వాట్సాప్‌లో "కస్టమర్ బాధ్యత" అని రాశా కదా అన్నాడు ఆపరేటర్. రాయొచ్చు, కానీ 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో అన్యాయమైన కాంట్రాక్ట్ అంటే ఏంటో చెప్పారు, అందులో మితిమీరిన డిపాజిట్లు, జరిగిన నష్టానికి పొంతన లేని జరిమానాలు కూడా ఉన్నాయి. రెండేళ్ళు వాడిన వస్తువుకి షోరూం రేటు వేస్తే అటు వైపే పోతుంది. నేను లాయర్ని కాదు, ఇదంతా కోర్టుకి వెళ్ళే కేసు కూడా కాదు, అయినా ఎదురుగా కూర్చున్న ఇద్దరికీ ఒక కొలబద్ద కనపడాలి కదా, అందుకే చెప్పాను. 48,000 మొత్తం ఆపరేటరే భరించాలి అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత సరే అన్నాడు.

కస్టమర్ల సొంత పాపర్ సంగతి తొందరగానే తేలింది. లైను నీళ్ళలో ఉండగానే సరంగు రివర్స్ వేశాడు, లైను ప్రొపెల్లర్‌కి చుట్టుకుని తెగింది, సరంగే ఒప్పుకున్నాడు. అదే రోజు ప్యాకెట్ విప్పిన పాపర్, బిల్లు చూపించారు, 5,500 పూర్తిగా ఇవ్వాలి.

చివరికి లెక్క: పాపర్లు 5,000, రాడ్ 15,000, మొత్తం 20,000 కస్టమర్లవి, అందులో వాళ్ళకి రావాల్సిన 5,500 తీసేస్తే 14,500. దానితోపాటు బ్యాలెన్స్ 60,000, అది ఆపే హక్కు వాళ్ళకి లేదు, ట్రిప్ పూర్తిగా జరిగింది కాబట్టి. 74,500 అక్కడే ట్రాన్స్‌ఫర్ చేశారు. నలుగురిలో ఒకతను మాత్రం "అన్నా, మేం చేపలు పట్టనీకె వచ్చినం, ఆయన షాపు నింపనీకె కాదు" అన్నాడు రాడ్ డబ్బుల గురించి, ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాడు. ఉండనీ, నా లెక్క మాత్రం మారదు.

ఇంతలో నాకు ఇంకో సంగతి తెలిసింది, నన్ను ఎక్కువ బాధపెట్టింది కూడా అదే. కస్టమర్లు డబ్బులు ఆపేశారని ఆపరేటర్ ముందే కలాసీ జీతంలో పదివేలు కోసేశాడు. ఆ కుర్రాడు నా దగ్గరికి వచ్చి, "అన్నా, నానేటి సేసినాను? దించమని అరిచినాను కదా" అన్నాడు. నిజమే, ఈ మొత్తం కథలో ప్రతి చోటా సరిగ్గా పనిచేసింది అతనొక్కడే, రాడ్ పట్టుకోవడం నేర్పాడు, అరిచి హెచ్చరించాడు, తేలుతున్న పాపర్లు చూపించాడు, లీడర్ ముక్కలు దాచాడు. అతను దాచిన ముక్కల వల్లే సగం కేసు తేలింది! పాత లైను మార్చాలా వద్దా, కుళ్ళిన చెక్క ఎప్పుడు మార్చాలి, బోటు ఎటు తిప్పాలి, ఇవేవీ అతని చేతిలో లేవు. ఆ పదివేలు తిరిగి ఇస్తేనే నేను చెప్పిన లెక్క చెల్లుతుంది, లేకపోతే నన్ను ఇందులోంచి వదిలెయ్ అని ఆపరేటర్‌కి చెప్పాను. మర్నాడు ఇచ్చేశాడు. ఈ పనిలో ఉన్న అందరికీ చెప్తున్నా, గేర్ నష్టం కలాసీల జీతం మీద వెయ్యకండి. అలా కోస్తే ఏమవుతుందో తెలుసా, వాళ్ళు కస్టమర్‌ని రాళ్ళ దగ్గర వెయ్యనివ్వరు, మంచి పాపర్ పెట్టెలోంచి బయటకి తియ్యరు, పోయింది దాచిపెడతారు. బోటు నడిచేదే వాళ్ళ కళ్ళ మీద, ఆ కళ్ళకి భయం పెడితే ఎలా?

తర్వాత ఆపరేటర్ కొన్ని మార్చాడు, కొన్ని నేను చెప్పినవి, కొన్ని అతనే ఆలోచించుకున్నవి. బుకింగ్ అప్పుడే ఒక పేజీ తెలుగు, హిందీ, ఇంగ్లీషులో పంపుతున్నాడు. అందులో రెంట్ గేర్ తీసుకున్న ఒక్కొక్కరికి రోజుకి రెండు పాపర్లు, రెండు జిగ్‌ల దాకా పోయినా ట్రిప్ రేటులోనే అని ఉంది, ఆపైన పోతే సగం రేటు. సొర తిన్నది, రాయికి తెగింది లెక్కలోకి రాదు. సరంగు ఆపమన్నాక వేస్తే పోయిన ప్రతిదానికీ కట్టాలి. రాడ్లకి, రీళ్ళకి సీజన్ మొదట్లో ఈరోజు దీని విలువ ఇంత అని రాసి ఫొటోతో పెడుతున్నాడు, పొద్దున ఎక్కేటప్పుడు, సాయంత్రం దిగేటప్పుడు ఇద్దరూ కలిసి చూసుకుంటారు. ప్రతి రాడ్‌కీ తాడు. బ్రెయిడ్ సీజన్ మధ్యలో ఒకసారి తిప్పి చుట్టడం. దీనికంతా ట్రిప్ రేటు కొంచెం పెంచాడు. పెంచాల్సిందే, పోయే ఎరల ఖర్చు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా, చివరి రోజు సాయంత్రం జెట్టీలో బయటపడే కన్నా మొదటి రోజు కనపడటం నయం. అమెరికాలో టెక్సాస్ తీరంలో గైడ్‌తో ఫిషింగ్‌కి వెళ్ళే మన తెలుగువాళ్ళు ఉంటారు, అక్కడ చాలామంది గైడ్‌లు రాడ్లు, ఎరలు ట్రిప్ రేటులోనే కలిపేస్తారు, పైన టిప్ వేరే. కానీ అక్కడ ఎక్కువ వాడేది చిన్న ఎర, తక్కువ ఖరీదు, మన నాలుగు వేల పాపర్‌కి అదే పద్ధతి యథాతథంగా పెట్టలేం, అందుకే రోజుకి ఇన్ని అని హద్దు.

ఒక్కటి మాత్రం ఆ పేజీలో ఇంకా సరిగ్గా తేలలేదు. చేప తగిలాక కస్టమర్ అలిసిపోయి రాడ్ కలాసీకి ఇచ్చేస్తాడు, ఆ క్షణంలో విరిగితే ఎవరిది? రాడ్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ వైపు బాధ్యత, కలాసీ చేతికి వచ్చాక అది బోటుదే అంటాను నేను. తన రెంట్ రాడ్ల వరకు ఆపరేటర్ సరే అన్నాడు. కస్టమర్ సొంత రాడ్‌కి మాత్రం ఒప్పుకోవట్లేదు, కొందరు తెచ్చే రాడ్, రీల్ కలిపితే లక్షన్నర దాటుతుంది, ఒక చేపకి అంత రిస్క్ నేను తీసుకోలేను బావా అంటాడు. అతని భయం నాకు అర్థమైంది. కాబట్టి ప్రస్తుతానికి అతని బోటులో కలాసీలు కస్టమర్ సొంత రాడ్ ముట్టుకోరు, నడుముకి బెల్ట్ బిగించి, వెనక నుంచి మనిషిని పట్టుకుంటారు, చేపని మాత్రం అతనే పైకి తెచ్చుకోవాలి, ఆ మాట బోటెక్కే ముందే చెప్తున్నారు.